ఉడుంపట్టుతో గార్డ్ దాటడం: బాడీ లాక్ పాస్ ఎలా చేయాలి

బ్రెజిలియన్ జుజుట్సులో కింద ఉన్నవాడు కాళ్లతో కాచుకునే స్థితిని గార్డ్ అంటాం, నడుం చుట్టూ చేతులు కట్టి దాన్ని దాటడమే బాడీ లాక్ పాస్. లాక్ వేసిన అర నిమిషానికే మీ ముంజేతులు మండిపోతున్నాయంటే, మీరు చేస్తున్నది బాడీ లాక్ పాస్ కాదు, ఎదుటి మనిషిని ఊరికే గట్టిగా వాటేసుకోవడం. మొదటి ఏడాదంతా నేను చేసిందీ అదే. నడుం చుట్టూ చేతులు వేసి, పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి నలిపేవాణ్ణి. కింద ఉన్నవాడు కాసేపు ఓపిక పట్టి, నా చేతులు సడలగానే బటర్‌ఫ్లై హుక్‌తో, అంటే నా తొడ లోపల కొక్కెంలా పెట్టిన పాదంతో, ఎత్తి పక్కకి పడేసేవాడు. నాకంటే పదిహేను కిలోలు తక్కువున్న కుర్రాడు ఒకసారి అలాగే పడేసి, మీదెక్కి కూర్చుని నా చెవిలో అన్నాడు: "అన్నా, నలపకు. లాగు." నేను ఇప్పుడు రాస్తున్నదంతా ఆ ఒక్క మాటకి వివరణే.

ఇది అసలు కొత్తగా చేరినవాళ్ల కోసం కాదు. హాఫ్ గార్డ్ (పైవాడి ఒక కాలు కిందవాడి కాళ్లలో ఇరుక్కున్న స్థితి), సైడ్ కంట్రోల్ (పక్కనుంచి అదిమిపట్టడం), అండర్‌హుక్ (చంక కిందనుంచి వేసే పట్టు) అంటే ఏమిటో తెలిసి, నాలుగైదు నెలలు మ్యాట్ మీద నలిగినవాళ్ల కోసం. ఎదుటి మనిషిని "అతను" అని రాస్తున్నాను, ఆమె అయినా పద్ధతి ఒకటే. నో-గీని, అంటే గీ (జుజుట్సు అంగీ) లేకుండా ఆడే ఆటని, దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను. గీ సంగతి చివర్లో రెండు ముక్కలు చెబుతాను.

దేన్ని ఆపుతున్నాం?

గార్డ్‌లో కాళ్లు కనిపిస్తాయి కాబట్టి మనం కాళ్లతోనే కుస్తీ పడతాం. ఒక కాలు తోసేస్తే రెండోది వస్తుంది, రెండోది తోసేస్తే మొదటిది మళ్లీ వస్తుంది. ఆ కాళ్లని తిరిగి తిరిగి మధ్యలోకి తెచ్చేది అతని తుంటి. తుంటి వెనక్కి జరిగితేనే మోకాలు లోపలికి దూరుతుంది, పక్కకి తిరిగితేనే ఫ్రేమ్ (మనల్ని దూరంగా ఉంచే చేతుల అడ్డు) నిలబడుతుంది. బాడీ లాక్ ఆ తుంటిని మన ఛాతీకి కట్టేస్తుంది. తుంటి కదలకపోతే కాళ్లు ఎంత పొడుగువైనా ఉపయోగం తక్కువ.

కాళ్లని పక్కకి తోసేసి చుట్టూ దాటే టొరియాండో లాంటి పాస్‌లు వేగం మీద నడుస్తాయి. అతని కాళ్లకంటే మీ కాళ్లు ముందు చేరాలి. నలభై దాటాక ఆ పరుగు పందెంలో నేను ఎప్పుడూ వెనకే. బాడీ లాక్‌లో పందెం లేదు. నెమ్మదిగా, ఊపిరి పీల్చుకుంటూ, అంగుళం అంగుళం గెలుచుకోవచ్చు. గార్డన్ రయాన్ మ్యాచ్‌లు చూడండి. ఏడీసీసీ అనే పెద్ద నో-గీ పోటీలో 2019లో 99 కిలోల విభాగం, అబ్సల్యూట్ (బరువుతో సంబంధం లేని విభాగం) రెండూ గెలిచినవాడు, 2022లో లాస్ వెగాస్‌లో 99 కిలోల పై విభాగం గెలిచినవాడు. పైనుంచి ఆడేటప్పుడు బాడీ లాక్ అతనికి ముఖ్యమైన ఆయుధం, కానీ ఎక్కడా తొందర కనిపించదు. అవతలివాడు ఒక కదలిక చేసి అలిసిపోయేదాకా ఆగి, ఆ ఖాళీలోకి జరుగుతాడు.

ఈ పాస్ ముఖ్యంగా బటర్‌ఫ్లై గార్డ్‌కి జవాబు. మార్సెలో గార్సియా 2003, 2011 మధ్య నాలుగుసార్లు ఏడీసీసీ టైటిల్ గెలిచాడంటే అందులో ఆ గార్డ్ వాటా పెద్దది. కూర్చున్నవాడు రెండు పాదాలూ మీ తొడల లోపల పెట్టి, మిమ్మల్ని దగ్గరికి లాక్కుని ఎత్తేస్తాడు. ఎత్తాలంటే అతనికి మీ తుంటికీ నేలకీ మధ్య ఖాళీ కావాలి. ఆ ఖాళీని మనం ఇవ్వం.

ఎప్పుడు దూరాలి?

అతను వెల్లకిలా పడుకుని, పాదాలు మీ తుంటి మీద పెట్టి సైకిల్ తొక్కుతున్నప్పుడు బాడీ లాక్ కోసం దూకకండి. చేతులు నడుం దాకా చేరవు, మధ్యలో మోకాళ్లు దొరికి, తల ఒంటరిగా ముందుకి వెళుతుంది. ముందునుంచి మెడ బిగించే గిలటిన్‌కి అంతకంటే మంచి ఆహ్వానం ఉండదు.

మంచి సందర్భాలు మూడు. ఒకటి, అతను కూర్చుని మీ మీదికి వాలినప్పుడు. రెండు, మీరు హాఫ్ గార్డ్ పైన ఉండి, అతని రెండు చంకల కిందా మీ చేతులు దూరినప్పుడు. మూడు, నిలబడి నడుం పట్టి పడేసి, ఆ పట్టుతోనే కిందికి వచ్చినప్పుడు. మూడోదాంట్లో లాక్ ముందే ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని వదిలేసి మళ్లీ కొత్తగా పాస్ మొదలుపెడతారు. వదలకండి, అదే పట్టుతో పని కానివ్వండి.

మొదటి సందర్భంలో, కూర్చున్నవాడు వాలేదాకా ఎదురుచూడాల్సిన పని లేదు. నిలబడి అతని రెండు చీలమండలు పట్టుకుని నేలకి నొక్కండి, లేదా పాదాలు పట్టుకుని కొంచెం ఎత్తండి. వెనక్కి పడిపోతాననిపించి అతను ముందుకి వాలతాడు. ఆ వాలుకే మీరు మోకాళ్ల మీదికి దిగి, ఛాతీకి ఛాతీ తగిలేలా దూరాలి. అతని చేతులు మధ్యలో అడ్డుంటే ముందు వాటి సంగతి చూడండి: మణికట్టు పట్టి పక్కకి లాగడమో, మోచేతిని పైకి తోసి చంక తెరవడమో. రెండు చంకలూ తెరుచుకోకుండా లాక్ వేస్తే, అతని ముంజేయి మీ గొంతుకీ అతని ఛాతీకీ మధ్య ఉండిపోతుంది. ఆ తర్వాత ఏం చేసినా ఎదురీతే.

చేతులు ఎక్కడ, ఎలా?

అరచేతికి అరచెయ్యి, బొటనవేళ్లు పక్కన వేళ్లకి అంటుకుని. దీన్నే గేబుల్ గ్రిప్ అంటారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఒక్క పాయింట్ కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచిన అమెరికా రెజ్లర్ డాన్ గేబుల్ పేరే ఆ పట్టుకి వచ్చింది. నమస్కారం పెట్టి ఒక చేతిని అడ్డంగా తిప్పినట్టు ఉంటుంది. వేళ్లు మాత్రం ఒకదాంట్లో ఒకటి పెనవేయకండి. అతని బరువు వేళ్ల మీద పడితే విరిగేది మీవే.

కొందరికి నడుం చుట్టుకొలత ఎక్కువ. బిర్యానీ పుణ్యమా అని మా దగ్గర అలాంటివాళ్లు బాగానే ఉన్నారు. అరచేతులు కలవకపోతే వేళ్లకి వేళ్లు కొక్కెంలా తగిలించండి, అది ఎస్ గ్రిప్. అదీ కుదరకపోతే ఆ మనిషి మీద ఆరోజుకి వేరే పాస్ చూసుకోండి. చేతులు సాగదీసి వేసిన లాక్ ఎలాగూ నిలవదు.

ఎత్తు చాలా ముఖ్యం. లాక్ తుంటి ఎముకలకి కాస్త పైన, షార్ట్స్ నాడా కట్టుకునే చోట ఉండాలి. పక్కటెముకల మీద పెడితే అతని తుంటికి స్వేచ్ఛ ఇచ్చేసినట్టే, హాయిగా రొయ్యలా ముడుచుకుని జారిపోతాడు. పైగా పక్కటెముకలు నొప్పి పుడతాయి, కోపం వస్తుంది, తర్వాతి రౌండ్‌లో మీ మీద తీర్చుకుంటాడు.

ఇంకో చిన్న సంగతి, నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. చేతులు కలిసే చోటు సరిగ్గా వెన్నెముక మీద ఉండకూడదు. అతను వెల్లకిలా పడగానే మీ పిడికిళ్లు అతని బరువు కింద ఇరుక్కుంటాయి. నడుం వంపులో ఒక పక్కకి జరిపి పెట్టండి, లేదా పడేసేటప్పుడే అతన్ని ఒక తుంటి మీదికి కొంచెం ఒరిగించండి. మోచేతులు రెండూ అతని పక్కలకి అతుక్కుని ఉండాలి. మోచేయి ఎగిరితే ఆ సందులోంచే కిముర (చేతిని వెనక్కి మెలిపెట్టే పట్టు) వస్తుంది.

తల: అసలు పని ఇక్కడ

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూసే ఉంటారు. మోకు చెట్టు చుట్టూ తిరిగి అతన్ని పట్టుకుని ఉంటుంది. అతను మోకుని చేతులతో నలపడు. వెనక్కి వాలి, పాదాలతో చెట్టుని తోస్తాడు. ఆ లాగుడుకీ తోపుడుకీ మధ్య మోకు తనంతట తానే బిగుస్తుంది. మన లాక్ కూడా అలాగే బిగియాలి. ఇక్కడ లాగేవి చేతులు, తోసేది తల.

మీ చెవి అతని ఛాతీకి ఆనాలి, నెత్తి అతని గడ్డం కిందికి రావాలి. కాలివేళ్లు మడిచి మ్యాట్‌లో గుచ్చండి. ఇప్పుడు చేతులు అతని నడుముని మీవైపు లాగుతుంటే, తల అతని పైభాగాన్ని అవతలికి, కొంచెం పైకి తోయాలి. రెండూ ఒకేసారి. నడుం ఇటు, భుజాలు అటు వెళ్లేసరికి అతను విల్లులా వెనక్కి వంగుతాడు. ఎంత బలవంతుడైనా అలా వంగి కూర్చోలేడు, వీపు నేలకి ఆనిస్తాడు. ఇందులో మీ ముంజేతులకి పెద్ద శ్రమ ఉండదు. కాలివేళ్ల నుంచి నెత్తి దాకా ఒక గీతలా తోపుడు వెళుతుంది, చేతులు తాడులా ఉంటే చాలు.

తల చంకవైపు జారిపోనివ్వకండి. అక్కడికి వెళ్లిన తల గిలటిన్‌లోకి వెళ్లినట్టే. గడ్డం కింద ఉన్నంతసేపు అతను మీ మెడ చుట్టూ చెయ్యి వేసినా లోతు దొరకదు.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. మామూలు పాస్‌లో క్రాస్‌ఫేస్ వేసి అతని ముఖాన్ని అవతలికి తిప్పుతాం. ఇక్కడ చేతులు ఖాళీ లేవు కాబట్టి ఆ పని తలే చేయాలి. మీరు కుడివైపు వెళ్లాలనుకుంటే, నెత్తితో అతని దవడని కుడివైపు నుంచి అవతలికి నెట్టండి. ముఖం అటు తిరిగినవాడు ఇటు తిరగలేడు.

హుక్‌లని చంపడం

అతని వీపు నేలకి ఆనింది, పాదాలు మాత్రం ఇంకా మీ తొడల కింద ఉన్నాయి. ఇక్కడే నేను ఎగిరి పడ్డ రోజులు ఎక్కువ. బరువంతా అతని ఛాతీ మీద వేయాలని తుంటి పైకి లేపి ముందుకి వాలేవాణ్ణి. తుంటి లేచిందంటే హుక్‌కి లిఫ్ట్ బటన్ ఇచ్చినట్టే.

తుంటి కిందికి దించండి. మీ పొట్ట అతని పొట్టకంటే కింద, దాదాపు అతని తొడల మొదట్లో ఉండాలి. మోకాళ్లు వెడల్పుగా పెట్టకుండా దగ్గరికి తెచ్చి, అతని పాదాలని మీ తొడల మధ్య బిగించండి. ఇప్పుడు అతను ఎత్తడానికి ప్రయత్నిస్తే పాదం లేవదు, పిక్క ఒక్కటే వణుకుతుంది. ఈ స్థితిలో కాసేపు ఉండండి. పాస్ చేయాలన్న తొందర వద్దు. అతను రెండుసార్లు ఎత్తి చూసి, కుదరక, పాదాలు జరుపుకోబోతాడు. మన అవకాశం అప్పుడే.

మీ కుడివైపు దాటుతున్నాం అనుకుందాం, అంటే అతని ఎడమ పక్కకి. మీ తుంటిని ఒక జానెడు కుడికి జరిపి, కుడి తుంటిని అతని ఎడమ తొడ మీద కూర్చోబెట్టండి. ఎగరకండి, జరగండి. ఆ బరువుకి అతని ఎడమ మోకాలు లోపలివైపు ఒరిగి, ఆ కాలు మీ రెండు తొడల మధ్యకి వస్తుంది. ఒక హుక్ పోయినట్టే. రెండోది, మీ ఎడమ తొడ కింద ఉన్నది, అతని కుడి పాదం. దాన్ని తన్ని తీయాల్సిన పని లేదు. మీ ఎడమ మడమని పిర్రకి తగిలేలా పైకి మడిస్తే ఆ పాదం జారిపోతుంది. మళ్లీ పట్టుకోవడానికి అతను ఆ కాలిని మీ ఎడమ కాలి చుట్టూ వేస్తాడు.

వేయనివ్వండి. అదిప్పుడు హాఫ్ గార్డ్. బటర్‌ఫ్లైలో ఉన్నవాణ్ణి, వీపు నేలకి ఆని, నడుం కట్టేసి ఉన్న హాఫ్ గార్డ్‌లోకి దించారు. సగం పని అయిపోయింది.

హాఫ్ గార్డ్ నుంచి బయటికి

మామూలు హాఫ్ గార్డ్‌లో మోకాలు బయటికి తీస్తుంటే అతను తుంటి జరిపి మళ్లీ పట్టుకుంటాడు. ఇప్పుడు తుంటి మీ చేతుల్లో ఉంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. అతనికి మిగిలింది కాళ్లు బిగించడం ఒక్కటే.

ఇరుక్కున్న ఎడమ కాలిని ఒక్కసారిగా లాగకండి. ముందు మోకాలు, తర్వాత పాదం. కాలివేళ్ల మీద తోపుడు ఇచ్చి తుంటిని కొంచెం లేపి, ఎడమ మోకాలిని అతని తొడల పట్టులోంచి పైకి, అతని పొట్టవైపు లాగండి. మోకాలు బయటపడ్డాక తుంటి మళ్లీ కిందికి దించేయండి. లేపి ఉంచితే అతను కిందకి జారి మీ కాళ్లతో ఆట మొదలుపెడతాడు. అక్కడినుంచి లెగ్ లాక్‌ల లోకం వేరు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జుజుట్సు సమాఖ్య) పోటీల్లో హీల్ హుక్‌ని, అంటే మడమ పట్టి మోకాలిని మెలిపెట్టే పట్టుని, 2021 నుంచి నో-గీలో బ్రౌన్, బ్లాక్ బెల్టు అడల్ట్‌లకి అనుమతించారు. మీరు వైట్ బెల్టయితే పోటీలో ఆ భయం లేదు గానీ, జిమ్‌లో అందరూ రూల్‌బుక్ చదివి రారు.

ఇక పాదం ఒక్కటే మిగిలింది. ఖాళీగా ఉన్న మీ కుడి పాదాన్ని అతని ఎడమ మోకాలి పైనో, పిక్క మీదో ఆనించి కిందికి తోయండి. ఎదురుగా ఎడమ పాదాన్ని లాగండి. తలుపు సందులో ఇరుక్కున్న చెప్పుని ఇంకో కాలితో తలుపు తోసి తీసుకున్నట్టు. ఒకసారికి రాకపోతే ఆగి మళ్లీ తోయండి. ఈ పనంతా కాళ్లది, చేతులు లాక్ విప్పి సాయం చేయడానికి రాకూడదు. ఎంత ఆశగా ఉన్నా సరే. నేను పదిసార్లలో ఏడుసార్లు ఇక్కడే పాడుచేసుకునేవాణ్ణి: పాదం ఎలాగూ వచ్చేస్తోంది కదా అని ఒక చెయ్యి విప్పి మోకాలు తోయబోతే, ఆ క్షణంలోనే అతని తుంటి జారి, మొత్తం గార్డ్ వెనక్కి వచ్చేసేది.

కొన్నిసార్లు మోకాలు బాగా పైకి వచ్చాక, పక్కకి వెళ్లేకంటే మౌంట్‌కి, అంటే అతని మీదెక్కి కూర్చునే స్థితికి, ఎక్కడమే దగ్గర దారి అవుతుంది. దారి దొరికితే ఎక్కండి. దాన్నే ముందు నుంచీ కోరుకుంటే మాత్రం తుంటి లేచిపోతుంది.

లాక్ ఎప్పుడు విప్పాలి?

పాదం బయటికి వచ్చింది, రెండు మోకాళ్లూ అతని ఎడమ పక్కకి చేరాయి. ఇంకా విప్పకండి. మీ తుంటి అతని తుంటి పక్కన నేలకి దిగి, మీ మోకాలు అతని తుంటికి గట్టిగా ఆనాక విప్పాలి, అదీ ఒక చెయ్యి ముందు. కుడి చెయ్యి వదిలి అతని తల కిందికి పంపి క్రాస్‌ఫేస్ వేయండి. ఎడమ చెయ్యి ఇప్పటికే అతని అవతలి చంక కింద ఉంది, దాన్ని అక్కడే ఉంచేస్తే అది అండర్‌హుక్. కొత్తగా ఏమీ పట్టుకోనక్కర్లేదు. లాక్ విడిపోతూనే సైడ్ కంట్రోల్ పట్టుగా మారిపోతుంది. ఈ పాస్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ మార్పే.

పోటీలో అయితే ఐబీజేజేఎఫ్‌లో గార్డ్ పాస్‌కి 3 పాయింట్లు. ఆ స్థితిని 3 సెకన్లు నిలబెట్టాలి. ఏడీసీసీలోనూ పాస్‌కి 3 పాయింట్లే. చేరిన వెంటనే సబ్మిషన్ కోసం చెయ్యి చాపి ఆ మూడు సెకన్లు పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

అతను ఊరుకోడు కదా

ఈ పాస్‌కున్న అసలు బలహీనత ఒకటే: మీ రెండు చేతులూ కట్టేసి ఉన్నాయి. పక్కకి పడిపోతుంటే చెయ్యి నేలకి ఆనించలేరు. తెలిసినవాడు మీ ఒక చేతిని ఓవర్‌హుక్‌తో (పైనుంచి చుట్టే పట్టు) బంధించి, అదే వైపుకి ఎత్తి దొర్లిస్తాడు. హుక్ లేస్తున్నట్టు అనిపించిన క్షణంలో ఆ వైపు మోకాలు వెడల్పు చేయండి, అదే వైపు నుదురుని మ్యాట్‌కి ఆనించండి. తల మూడో కాలులా పనిచేస్తుంది. అయినా లేచిపోతున్నారా? అప్పుడు లాక్ విప్పి చెయ్యి ఆనించండి, పాస్ పోతే పోయింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్లని పట్టుబట్టి లాక్‌తో సహా దొర్లి కింద పడ్డాక, మౌంట్ కింద ఉండి ఆ పట్టుతో చేసేదేమీ లేదు.

ముంజేయి మీ మెడకి అడ్డం పెట్టి తోస్తున్నాడంటే, మీరు లాక్ వేసేటప్పుడే చంక తెరవలేదన్నమాట. తలతో ఎదురు తోస్తే మీ మెడే అలిసిపోతుంది. తలని ఒక పక్కకి తిప్పి, అతని మోచేయి జారేలా తోపుడు దిశ మార్చండి. రెండోసారికీ జారకపోతే వదిలేసి మళ్లీ మొదటినుంచి రండి.

మోకాలు మధ్యలోకి దూర్చి దాన్నే అడ్డుగా, 'నీ షీల్డ్' (knee shield) పెడితే లాక్ ఉన్నట్టే ఉంటుంది గానీ ఛాతీలు కలవవు. ముందు భుజంతో ఆ మోకాలిని కిందికి, అవతలి మోకాలి మీదికి మడవండి, తర్వాతే చేతులు బిగించండి. కాళ్లు మీ వీపు వెనక పెనవేసి క్లోజ్డ్ గార్డ్ చేశాడా, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు లేచి, గార్డ్ తెరిచే పని చూడండి.

ఇక అతను విసిగిపోయి బోర్లా తిరిగాడనుకోండి, పండగే. లాక్ వదలకుండా వెంట తిరగండి, వెనక ఉంటారు. హుక్‌లు రెండూ పెట్టి వీపు పట్టుకుంటే ఐబీజేజేఎఫ్‌లో 4 పాయింట్లు, పాస్ కంటే ఒకటి ఎక్కువ.

ఎవరికీ దెబ్బ తగలకుండా

పక్కటెముకలు చాలా జాగ్రత్త. నేను ఒకసారి రౌండ్ మొదట్లోనే చల్లటి ఒంటితో ఒకతనికి ఇలాగే చిక్కి, మూడు వారాలు తుమ్మాలంటే భయపడ్డాను. లాక్ కిందికి, తుంటి దగ్గరికి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు ఉండదు. నిలబడి నడుం పట్టినప్పుడు ఎత్తి కుదేయకండి, ఐబీజేజేఎఫ్‌లో అది డిస్‌క్వాలిఫై చేసే తప్పు కూడా. మీ పాదం కింద ఇరుక్కుని ఉండగా ఒంటిని తిప్పకండి, మెలిక మోకాలి మీద పడుతుంది. గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి, ఎదుటివాడి వీపంతా మీ చేతుల కిందే ఉంటుంది. ఇంత దగ్గరగా అతుక్కునే పాస్‌లో తామర అంటుకోవడం కూడా సులువే. రాష్ గార్డ్ ఉతికినదే వేసుకోండి, క్లాసు అవగానే స్నానం చేయండి.

హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో ఇంకో ఇబ్బంది ఉంది. రెండో రౌండ్‌కే చెమటతో చేతులు సబ్బులా అవుతాయి. ప్రతి రౌండ్ ముందు అరచేతులు తువ్వాలుతో తుడుచుకోవడం, లాక్‌ని ఇంకో అంగుళం లోతుగా, మణికట్ల దాకా తీసుకోవడం తప్ప వేరే మందు నాకు దొరకలేదు.

గీలో ఇదే పాస్ కొంచెం కష్టం. అతను కాలర్ పట్టుకుని మోచేతితో దూరం పెట్టేస్తాడు, మీరు ఛాతీకి చేరేలోపే సగం బలం పోతుంది. కాలర్ పట్టు విప్పించకుండా లోపలికి దూరకండి. చేరగలిగితే మాత్రం గుడ్డ రాపిడి మీ పక్షానే ఉంటుంది, కింద ఉన్నవాడు తేలిగ్గా జారలేడు.

సాధన

పాస్ మొత్తాన్ని యాభైసార్లు చేయడం కంటే ముక్కలుగా చేస్తే త్వరగా వస్తుంది. నేను చేసే వరుస ఇది. మొదట రెండు నిమిషాలు లాక్, తల మాత్రమే: పార్ట్‌నర్ కూర్చుని ఉంటాడు, మీరు లాక్ వేసి వీపు నేలకి ఆనించాలి, లేచి మళ్లీ చేయాలి. ఈ రెండు నిమిషాల్లో ముంజేతులు మండితే తల పనిచేయడం లేదని అర్థం. తర్వాత రెండు నిమిషాలు హుక్‌లు: అతను ఎత్తడానికి సగం బలంతో ప్రయత్నిస్తాడు, మీరు పాస్ చేయకుండా ఎగరకుండా ఉండాలి, అంతే. పాస్ చేయకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఆ తర్వాత మూడు నిమిషాల రౌండ్. లాక్ ముందే వేసి, అతని వీపు నేల మీద, రెండు హుక్‌లూ లోపల పెట్టుకుని మొదలుపెట్టండి. మీరు దాటితే మీ గెలుపు, అతను మోకాలు మధ్యలోకి తెస్తేనో మిమ్మల్ని దొర్లిస్తేనో అతని గెలుపు. ఎవరు గెలిచినా మళ్లీ మొదటికి. మూడు నిమిషాలయ్యాక స్థానాలు మార్చుకోండి. కింద ఉన్నప్పుడు మీకు ఏది ఎక్కువ ఊపిరాడనివ్వలేదో, చేతులా తలా అని గమనించి, పైకి వచ్చిన రౌండ్‌లో అదే అతనికి పెట్టండి.